వృద్ధాశ్రమంలో చేర్చేముందు... సమ్మతి, సంరక్షణ, సంతకం

తెనాలి: కన్నవారిని వృద్ధాశ్రమంలో చేర్చడమన్నది ఒక తరం క్రితం వరకు కృష్ణా డెల్టా పల్లెల్లో వినరాని మాట. నేడు పరిస్థితి మారింది. పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, అమెరికా, ఆస్ట్రేలియాలలో స్థిరపడగా పెద్ద పెద్ద ఇళ్లలో ఒక్కరే మిగిలిపోయిన తల్లులు, తండ్రులు ఊరికి పదిమందైనా కనిపిస్తున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏళ్లు పైబడినవారు 10.38 కోట్ల మంది. మొత్తం జనాభాలో వారి వాటా దేశంలో 8.6 శాతం ఉండగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 9.8 శాతంగా నమోదైంది. ఊరిలో ఉన్న పిల్లలకు సైతం పక్షవాతంతో మంచాన పడినవారిని, మతిమరుపు వ్యాధి సోకినవారిని ఇంట ఉంచి చూసుకోవడం కొన్ని సందర్భాలలో శక్తికి మించిన పని అవుతున్నది.

ఇటువంటి నిర్ణయం చాలా కుటుంబాలలో తొందరలోనే జరుగుతున్నది. విదేశాల నుంచి వచ్చిన కొడుకు సెలవు ముగిసేలోగా ఆశ్రమం చూడటం, తల్లిని చేర్చడం, ఇంటికి తాళం వేయడం, వీలైతే పొలం కాగితాలు మార్పించడం అన్నీ పదిహేను రోజుల్లో పూర్తవుతాయి. ఆ పదిహేను రోజుల్లో చేసిన పొరపాట్లను సరిదిద్దడానికి ఏళ్లు పడుతుంది. చేర్చడానికి ముందు పెద్దల సమ్మతి, వారికి అవసరమైన సంరక్షణ, వారు పెట్టే సంతకాలు అనే మూడు అంశాలను విడివిడిగా పరిశీలించుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.

పేరు ఒకటే.. సేవలు వేరు

ముందుగా పేర్ల విషయంలో స్పష్టత ఉండాలి. విదేశాలలో నర్సింగ్‌హోమ్ అంటే లేవలేని వృద్ధులను దీర్ఘకాలం చూసుకునే నివాసం. మన ప్రాంతంలో ఆ మాటకు చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనే అర్థం స్థిరపడింది. ఫోనులో మాట్లాడుకునే అన్నదమ్ముల మధ్య ఈ తేడాతోనే అపార్థాలు వస్తుంటాయి. ఇక్కడ పెద్దల కోసం ఉన్న వసతులు స్థూలంగా నాలుగు రకాలు.

మొదటిది ఉచిత వృద్ధాశ్రమం. ధార్మిక సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు దాతల సాయంతో వీటిని నడుపుతాయి. కొన్నింటికి కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ గ్రాంటు అందుతుంది. 1992లో మొదలైన ఈ గ్రాంటు పథకాన్ని 2021 నుంచి అటల్ వయో అభ్యుదయ యోజనలో భాగంగా కొనసాగిస్తున్నారు. నిరుపేదలకు, నా అన్నవారు లేనివారికి ఇక్కడ ప్రాధాన్యం ఉంటుంది.

రెండవది నెలకు ఇంత అని రుసుము తీసుకునే ఆశ్రమం. గది, భోజనం, సాధారణ వైద్య పరీక్షలు ఇందులో ఉంటాయి. మూడవది విశ్రాంత జీవితం గడిపేవారి కోసం కట్టే అపార్టుమెంట్లు, విల్లాలు. ఇవి ఆరోగ్యంగా ఉండి, స్తోమత కలిగినవారికి ఉద్దేశించినవి. నాల్గవది మంచం దిగలేనివారికి, మతిమరుపు ముదిరినవారికి రేయింబవళ్లు ఆయాలు, నర్సులతో సేవలందించే సంరక్షణ కేంద్రం. ఇవి ఎక్కువగా హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలకే పరిమితమై ఉన్నాయి.

చాలా వృద్ధాశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలవారినే చేర్చుకుంటాయి. స్నానం, దుస్తులు మార్చుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, అన్నం తినడం సొంతంగా చేయగలరా అన్నదే వారు అడిగే మొదటి ప్రశ్న. కుటుంబ సభ్యులు ఆ సమయానికి ‘అన్నీ చేసుకుంటారు’ అని చెప్పి చేర్చడం, నెల తిరగకుండానే ‘తీసుకువెళ్లండి’ అని ఆశ్రమం నుంచి ఫోను రావడం పరిపాటి. ఆరోగ్య స్థితిని దాచి చేర్చడం వల్ల నష్టపోయేది పెద్దలే. తుంటి ఎముక విరిగినవారికి, ఇన్సులిన్ తీసుకునేవారికి, మూత్రపు గొట్టం అమర్చినవారికి ఎటువంటి సేవ కావాలో కుటుంబ వైద్యునితో రాయించుకుని ఆ కాగితంతోనే ఆశ్రమానికి వెళ్లడం మేలు.

నమోదు పత్రం చూస్తే సరిపోదు

ఆశ్రమం గోడకు తగిలించిన ధ్రువపత్రాన్ని చూసి అన్నీ సక్రమమేనని భావించడం సరికాదు. అనేక ఆశ్రమాలు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగానో, లేదా ట్రస్టుగానో నమోదై ఉంటాయి. ఆ నమోదు సంస్థ ఉనికికి గుర్తింపు మాత్రమే. గదులు, సిబ్బంది, వంటశాలను తనిఖీ చేసి ఇచ్చే యోగ్యతా పత్రం కాదు. చికిత్స అందించే ఆసుపత్రులు, నర్సింగ్‌హోమ్‌ల నియంత్రణకు ఉమ్మడి రాష్ట్రంలో 2002లో ప్రత్యేక చట్టం వచ్చింది. ‘మా వద్ద వైద్యం కూడా ఉంది’ అని చెప్పే కేంద్రం ఆ చట్టం కింద నమోదైందా లేదా అని విడిగా అడగాలి.

కాగితాల కంటే కళ్లతో చూసినదే ఎక్కువ చెబుతుంది. ఒకసారి ముందుగా చెప్పి, మరొకసారి చెప్పకుండా వెళ్లాలి. మధ్యాహ్న భోజన వేళ ఒకసారి, చీకటి పడిన తరువాత ఒకసారి చూడటం మంచిది. రాత్రి వేళ ఎంతమందికి ఎందరు ఆయాలు ఉన్నారన్నది కీలకం. మరుగుదొడ్డిలో కుర్చీ తరహా కమోడు, గోడకు పట్టుకునే కమ్మీలు, జారని నేల ఉన్నాయా, మెట్లకు బదులు వాలుబాట ఉందా, మహిళలకు మహిళా సిబ్బందే సేవ చేస్తున్నారా అన్నవి గమనించాలి. మంచాన ఉన్నవారిని సాధారణంగా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకుంటే వీపు, పిరుదులు, మడమల వద్ద ఒరిపిడి పుండ్లు పడతాయి. ‘ఎంతసేపటికొకసారి తిప్పుతారు’ అన్న ఒక్క ప్రశ్నకు సిబ్బంది ఇచ్చే జవాబును బట్టే అక్కడి సంరక్షణ తెలిసిపోతుంది.

అన్నింటికీ మించి అక్కడి వృద్ధులతో, నిర్వాహకులు పక్కన లేనప్పుడు, కాసేపు మాట్లాడాలి. ఆదివారం పప్పుచారు ఎలా ఉన్నదో, మజ్జిగ పోస్తున్నారో లేదో, ఫోను చేయాలంటే ఎవరిని అడగాలో వారే చెబుతారు.

‘నాలుగు రోజులే’ అని చెప్పవద్దు

ఇంట్లో అందరూ మాట్లాడుకుని, అసలు వెళ్లవలసిన మనిషికి చివరిగా చెప్పడం తరచు జరిగే తప్పు. ‘నాలుగు రోజులు ఉండిరా అమ్మా’ అని తీసుకువెళ్లి వదిలి రావడం మరీ పెద్ద తప్పు. ఐదో రోజు నుంచి ఆ తల్లి గేటు వైపు చూస్తూ కూర్చుంటుంది. భోజనం మానేస్తుంది. ఆపై పిల్లలు ఏమి చెప్పినా నమ్మదు. స్పృహ, వివేచన ఉన్న వ్యక్తిని ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా ఆశ్రమంలో ఉంచే అధికారం పిల్లలకు లేదు. వృద్ధాప్యం వచ్చినంత మాత్రాన తన నివాసాన్ని తాను ఎంచుకునే హక్కు పోదు.

కారణాన్ని దాచకుండా చెప్పడం, రెండు మూడు ఆశ్రమాలను వారికే చూపించడం, ముందుగా రెండు వారాలో, నెల రోజులో ఉండి చూసే ఏర్పాటు చేయడం ఉత్తమ మార్గం. ఆ గడువు తీరాక ‘వద్దు’ అంటే ఇంటికి తిరిగివచ్చే దారి తెరిచే ఉండాలి. అందుకే చేర్చిన వెంటనే ఇల్లు అద్దెకివ్వడం, సామాను అమ్మివేయడం తగదు. ఊరిలోనే ఉంటానని పట్టుబట్టేవారికి పగటి పూట ఆయా, పొరుగింటి నుంచి క్యారియరు, వారానికోసారి బీపీ, చక్కెర పరీక్షలు వంటి ఏర్పాట్లు సరిపోతాయేమో ముందు ఆలోచించాలి. ఆశ్రమం రుసుము కంటే ఇది కొన్నిసార్లు చౌక కూడా.

మతిమరుపు వ్యాధి ముదిరినవారి విషయం వేరు. చెప్పినది వారికి గుర్తుండదు. కొత్త చోటు వారిని మరింత కలవరపెడుతుంది. పాత దుప్పటి, దేవుని పటం, గోడ గడియారం, పెళ్లినాటి ఫొటో వంటి పరిచిత వస్తువులను గదిలో ఉంచితే కుదుటపడతారు. వారు బయటకు నడిచి వెళ్లిపోయే ప్రమాదం ఉన్నందున గేటు వద్ద కాపలా, చేతికి పేరు, ఫోను నంబరు ఉన్న పట్టీ తప్పనిసరి. ఈ వ్యాధిపై కుటుంబాలకు అవగాహన కల్పించే అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1992 నుంచి పనిచేస్తున్నది. హైదరాబాదులోనూ దానికి శాఖ ఉంది.

సంతకం ఎక్కడ పెడుతున్నారు?

ఆశ్రమానికి బయలుదేరే ముందు రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లివచ్చే కుటుంబాలు తక్కువేమీ కాదు. ‘ఎలాగూ మీకు చూసుకునే ఓపిక లేదు, పొలం మా పేర రాసెయ్యి’ అన్న మాట పెద్దలకు కాదనలేని మాట అవుతుంది. ఇక్కడ వీలునామాకు, దాన దస్తావేజుకు గల తేడా తెలిసి ఉండాలి. వీలునామా రాసిన వ్యక్తి మరణానంతరమే అమలులోకి వస్తుంది. బ్రతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దాన దస్తావేజు రిజిస్టరు అయి, పుచ్చుకున్నవారు స్వీకరించిన తరువాత ఆస్తి చేయి దాటిపోయినట్లే. పట్టాదారు పాసుపుస్తకం పిల్లల పేరున మారిన తరువాత నెల నెలా ఆశ్రమం రుసుము ఎవరు కడతారన్నది వారి దయపై ఆధారపడుతుంది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం–2007 ఈ విషయంలో కొంత రక్షణ కల్పించింది. చట్టం అమలులోకి వచ్చిన తరువాత, తన కనీస అవసరాలు చూడాలన్న షరతుతో వృద్ధులు ఆస్తిని బదిలీ చేయగా, పుచ్చుకున్నవారు ఆ షరతును తప్పితే, ఆ బదిలీని మోసంతోనో బలవంతంతోనో జరిగినదిగా భావించి చెల్లదని ప్రకటించే అధికారం 23వ సెక్షను ట్రైబ్యునలుకు ఇచ్చింది. అయితే షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక తీర్పులో స్పష్టం చేసింది. వృద్ధుల మేలు కోసం తెచ్చిన చట్టాన్ని ఉదారంగా అన్వయించాలని, ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించే అధికారం కూడా ట్రైబ్యునలుకు ఉంటుందని 2025 జనవరిలో మరో తీర్పులో పేర్కొన్నది. ఆ కేసులో కొడుకు తల్లిని చూసుకుంటానని రాసి ఇచ్చిన హామీ పత్రం కీలకమైంది. నోటి మాటగా కాక, పోషణ షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించడం ఎంత అవసరమో ఈ రెండు తీర్పులూ చెబుతున్నాయి. ఆస్తిని తమ పేరునే ఉంచుకుని వీలునామా రాయడం అంతకంటే సురక్షితం.

పవర్ ఆఫ్ అటార్నీ విషయంలోనూ ఒక అపోహ ఉంది. రాసి ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే సాధారణంగా ఆ అధికారం రద్దవుతుంది. మతిమరుపు ముదిరిన తరువాత వేలిముద్ర వేయించుకున్న కాగితాలు కోర్టులో నిలవడం కష్టం. బ్యాంకు ఖాతా, డిపాజిట్లు, నామినీల వివరాలను తెలివి స్పష్టంగా ఉన్నప్పుడే సరిచూసుకోవాలి.

ఆశ్రమంతో కూడా ఒప్పందం రాతపూర్వకంగానే ఉండాలి. డిపాజిట్టు ఎంత, మధ్యలో వెళ్లిపోతే లేదా మరణిస్తే తిరిగి ఎంత ఇస్తారు, రుసుము ఏటా ఎంత పెంచుతారు, మందులు, డైపర్లు, ఆసుపత్రి ఖర్చు ఎవరివి, మంచాన పడితే ఉంచుకుంటారా పంపించివేస్తారా అన్నవి అందులో ఉండాలి. విరాళం పేరిట ఆస్తి రాయమనే చోటికి దూరంగా ఉండటమే క్షేమం.

పింఛను, కార్డులు, ఆసుపత్రి

ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలకు పెరిగింది. సచివాలయ సిబ్బంది ఇంటి వద్దనే పంపిణీ చేసే ఈ పింఛను, లబ్ధిదారు ఊరు మారితే చేతికందడం కష్టమవుతుంది. ఆశ్రమానికి వెళ్లే ముందే గ్రామ లేదా వార్డు సచివాలయంలో బదిలీకి దరఖాస్తు చేసుకోవాలి. విశ్రాంత ఉద్యోగులు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసి ఉంటుంది. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ విధానంలో ఇప్పుడు ముఖ గుర్తింపు ద్వారా ఫోనులోనే దీన్ని పూర్తి చేయవచ్చు. వేలిముద్రలు అరిగిపోయినవారికి ఇది ఉపకరిస్తుంది.

ఆధార్, బ్యాంకు పుస్తకం, ఆరోగ్య కార్డు అసలు ప్రతులను ఆశ్రమం కార్యాలయానికి అప్పగించనవసరం లేదు. నకళ్లు ఇస్తే చాలు. ఏటీఎం కార్డు, దాని రహస్య సంఖ్య ఎవరి చేతిలోనూ పెట్టరాదు. డెబ్బై ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స వర్తించేలా కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ వయ వందన కార్డులను ప్రారంభించింది. వయోవృద్ధుల ఆరోగ్య సంరక్షణకు 2010–11లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రులలో వృద్ధుల కోసం పది పడకల వార్డును నిర్దేశిస్తున్నది. ప్రభుత్వాసుపత్రులలో వృద్ధులకు వేరే వరుస ఉండాలని 2007 చట్టమూ చెబుతున్నది.

చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా ముందే తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. అర్ధరాత్రి ప్రాణం పోతే మొదట ఎవరికి ఫోను చేయాలి, విదేశాల నుంచి పిల్లలు వచ్చేవరకు భౌతికకాయాన్ని ఫ్రీజరు పెట్టెలో ఉంచే బాధ్యత ఎవరిది, అంత్యక్రియలు సొంత ఊరిలోనా, ఆశ్రమం ఉన్న చోటనా అన్నవి రాసి ఉంచాలి. మరణ ధ్రువపత్రం సొంత ఊరి పంచాయతీలో రాదు. మరణం ఎక్కడ సంభవిస్తే అక్కడి స్థానిక సంస్థలోనే 21 రోజుల్లోగా నమోదు చేయించాలి.

పిల్లలు కట్టకపోతే...

వృద్ధులను ఆశ్రమంలో చేర్చినంత మాత్రాన పిల్లల బాధ్యత తీరిపోదు. 2007 చట్టం ప్రకారం పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. కొడుకులతో సమానంగా కుమార్తెలు, మేజర్లయిన మనుమలు, మనుమరాళ్లు కూడా ఇందుకు బాధ్యులు. పిల్లలు లేనివారికి ఆస్తి దక్కే బంధువులు బాధ్యత వహించాలి. కోడలు, అల్లుడిని కూడా చేర్చాలని 2019లో లోక్‌సభలో బిల్లు పెట్టినా అది చట్టరూపం దాల్చలేదు.

ఆర్డీవో స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షతన పోషణ ట్రైబ్యునలు పనిచేస్తుంది. వృద్ధులు నివసిస్తున్న చోటగానీ, చివరిసారి నివసించిన చోటగానీ, పిల్లలు ఉన్న చోటగానీ దరఖాస్తు చేయవచ్చు. గుంటూరు జిల్లావారు గుంటూరు, తెనాలి ఆర్డీవో కార్యాలయాలను సంప్రదించాలి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో రేపల్లె ప్రాంతం బాపట్ల జిల్లాలో చేరినందున అక్కడివారు రేపల్లె డివిజను పరిధిలోకి వస్తారు. వెళ్లలేని స్థితిలో ఉంటే వారు అధికారమిచ్చిన వ్యక్తి లేదా స్వచ్ఛంద సంస్థ దరఖాస్తు చేయవచ్చు. ట్రైబ్యునలు తనంత తానుగా కూడా కేసు చేపట్టవచ్చు. న్యాయవాదిని పెట్టుకోవలసిన పనిలేని విధంగా చట్టం రూపొందింది.

నోటీసు అందిన 90 రోజుల్లోగా విచారణ పూర్తి చేయాలి. ప్రత్యేక కారణాలుంటే మరో 30 రోజులు పొడిగించవచ్చు. చట్టం ప్రకారం భృతి గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. ఉత్తర్వును పాటించనివారికి నెల వరకు జైలు విధించే వీలుంది. తీర్పు నచ్చని వృద్ధులు 60 రోజుల్లోగా జిల్లా కలెక్టరు స్థాయి అప్పిలేటు ట్రైబ్యునలును ఆశ్రయించవచ్చు. సంరక్షణ బాధ్యత ఉన్నవారు వృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే 3 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను దశలవారీగా నెలకొల్పవచ్చని ఇదే చట్టం రాష్ట్రాలకు సూచించింది.

చేర్చిన తరువాత చూడవలసినవి

మొదటి నెలలో వారానికొకసారైనా ఎవరో ఒకరు వెళ్లిరావాలి. పిల్లలు దూరాన ఉంటే మేనల్లుడికో, చిన్ననాటి స్నేహితుడికో, పొరుగువారికో ఆ పని అప్పగించాలి. ఆకస్మికంగా బరువు తగ్గడం, శరీరంపై కమిలిన గుర్తులు, మాసిన బట్టలు, ఎప్పుడు చూసినా మత్తుగా ఉండటం, నిర్వాహకులు పక్కనుంటే మాట్లాడటానికి జంకడం వంటివి కనిపిస్తే ఉపేక్షించరాదు. కళ్లజోడు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రం పోయి రోజులు గడిచినా కొత్తవి ఇప్పించలేదంటే పర్యవేక్షణ లోపించినట్లే. వీడియో ఫోనులో ముఖం మాత్రమే కనిపిస్తుంది. మడమ మీద పడిన పుండు కనిపించదు. నెలకొకసారైనా మనిషి వెళ్లి చూడవలసిందే.

పండుగకో, మనుమరాలి పెళ్లికో ఇంటికి తీసుకువచ్చి రెండు రోజులు ఉంచుకుంటే పెద్దలకు తాము కుటుంబంలోనే ఉన్నామన్న ధైర్యం ఉంటుంది. ఆశ్రమ సిబ్బంది కూడా అడిగేవారున్న వృద్ధుల పట్ల మరింత శ్రద్ధ వహిస్తారు.

సాయానికి ఫోను నంబర్లు

వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్: 14567 (సమాచారం, సలహా, వేధింపులపై సాయం, వదిలివేసిన వృద్ధుల రక్షణ)

ఉచిత న్యాయ సహాయం: 15100

అత్యవసర అంబులెన్సు: 108

పోషణ భృతి, ఆస్తి బదిలీ రద్దుపై దరఖాస్తులు: సంబంధిత ఆర్డీవో కార్యాలయం